బ్రేక్ ఆయిల్‌కూ ఒక చీటీ కావాలి

తిరుపతిలో నాది మెకానిక్ పని. కొండ దిగిన కార్లవాళ్లు షెడ్డుకొచ్చి, "పెడల్ మెత్తగా లోపలికి పోతోందన్నా" అంటుంటారు. కాసేపు బండి ఆగితే పెడల్ మళ్లీ గట్టిపడుతుంది. ఇక ఏం ఫర్వాలేదని ఊరికి బయలుదేరతారు. నాకు భయమేసేది అక్కడే.

ఐదుగురున్న కారు తిరుమల నుంచి 600 మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. దారంతా బ్రేకు తొక్కుతూనే వస్తే పుట్టే వేడి పాతిక లీటర్ల నీళ్లను మరిగించేంత ఉంటుంది. ఆ సెగ ప్యాడ్ల మీదుగా బ్రేక్ ఆయిల్‌కు తగులుతుంది.

ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. బాగా తేమ పట్టినదైతే 140 డిగ్రీల దగ్గరే మరగొచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు లేస్తాయి. మన కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా చేరదు. ఏబీఎస్ ఉన్నా ఇక్కడ ఆదుకోలేదు. చల్లారాక బుడగలు పోతాయి, తేమ మాత్రం పోదు.

అందుకే దిగేటప్పుడు సెకండ్ గేరులోనో, అవసరమైతే ఫస్ట్‌లోనో రండి. వేగాన్ని ఇంజనే పట్టి ఉంచుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలకండి. ఇంజన్ ఆపేస్తే మరీ ప్రమాదం: నాలుగుసార్లు తొక్కేసరికి బూస్టర్ సాయం అయిపోయి పెడల్ బిగుసుకుపోతుంది.

ఇక మా షెడ్లవాళ్ల సంగతి. ఇంజన్ ఆయిల్ మార్చగానే తేదీ, కిలోమీటర్లు రాసి చీటీ అంటిస్తాం. బ్రేక్ ఆయిల్‌కు ఆ చీటీ ఉండదు. తగ్గితే కాస్త పోసి మూత బిగిస్తాం. అది తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతుండాలి. పైన పోసినంత మాత్రాన ఆ లోపం తీరదు, పాత ఆయిల్‌లోని తేమా పోదు. చాలా కార్ల కంపెనీలు రెండేళ్లకోసారి మొత్తం మార్చమంటాయి. ఆ ఖర్చు ఒక జత ప్యాడ్ల ధర కంటే ఎక్కువేం కాదు.

ప్రతి షెడ్డూ బ్రేక్ ఆయిల్ మార్చిన తేదీని చీటీ మీద రాసి అంటించాలి. యాత్రికులను తిప్పే ట్యాక్సీలకు ఫిట్‌నెస్ ఇచ్చేటప్పుడు రవాణా శాఖ ఆ చీటీ అడగాలి. మీరూ బండి మాట్లాడుకునే ముందు డ్రైవరన్నను ఆ తేదీ అడగండి. చెప్పలేకపోతే, ఆయిల్ మార్పించాకే కొండెక్కండి.