నాలుగు వందల అడుగుల కింద మేమున్నాం

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల మెట్ట ఊళ్లలో బతికే రైతులం, కౌలుదారులం, కూలికి పోయేవాళ్లం, గొర్రెల కాపరులం, పొదుపు సంఘాల ఆడవాళ్లం, డ్రోన్ నడపడం నేర్చుకుంటున్న పిల్లలం ఈ ప్రణాళికతో ఒక్కటవుతున్నాం. మా కూటమికి పేరింకా పెట్టలేదు. పేరు దగ్గర తగువు పడి చీలిపోయిన సంఘాలను ఈ సీమ చాలానే చూసింది. పని మొదలయ్యాక పేరు సంగతి చూసుకుందాం.

మేం డ్రోన్లకు వ్యతిరేకం కాదు. రేపు ఆ నింద వేస్తారు కాబట్టి ముందే చెబుతున్నాం. వీపున పంపు మోసి, మూతికి తువ్వాలు చుట్టుకొని పత్తిచేలో మందు కొట్టినవాడికి ఆ కష్టమేమిటో తెలుసు. రాత్రికి కళ్లు మండుతాయి, అన్నం సయించదు. పది లీటర్ల ట్యాంకున్న డ్రోన్ అదే ఎకరాను పది నిమిషాల్లో ముగిస్తుంది, మనిషి మందులో తడవడు. అది మంచిదే. ఆ పంపు కూలి మీదే బతికేవాడికి ఇక పనేమిటన్నది ఇంకో ప్రశ్న. దాన్నీ వదలం.

ఈ ప్రణాళికలో మా తగాదా ఒక్కదాని మీదే. పైన ఏది ఎగురుతోందో కింద ఉన్నవాళ్లకు ముందే చెప్పాలి, మా మాట వినాలి, నష్టం జరిగితే కట్టాలి.

ఆకాశం వైపు చూడడం మాకు కొత్త కాదు. వాన కోసం చూశాం. 2003 తర్వాత కొన్నేళ్లపాటు ప్రభుత్వం మేఘమథనం అంటూ విమానాలు తిప్పితే గెనాల మీద నిలబడి వాటినీ చూశాం. ఆ మబ్బులు ఎన్ని కురిశాయో ఊరి చావడికొచ్చి లెక్క చెప్పిన అధికారి మాకు గుర్తు లేడు.

ఇప్పుడు కర్నూలు జిల్లా ఓర్వకల్లు వైపు చూడండి. గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో వచ్చింది. 2021 మార్చిలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం తెరిచారు. ఈ జిల్లాలోనే డీఆర్‌డీవో వారి నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్ ఉంది. 2025 ఏప్రిల్ 13న ఎగిరే డ్రోన్లను లేజర్‌తో కూల్చే పరీక్ష అక్కడే జరిగింది. జులైలో డ్రోన్ నుంచే క్షిపణిని వదిలి చూశారు. వీటికి తోడు 300 ఎకరాల్లో డ్రోన్ సిటీ అంటున్నారు. 2025 అక్టోబరు 16న ప్రధాని కర్నూలు వచ్చి ఇటు ఓర్వకల్లు, అటు కడప దగ్గరి కొప్పర్తి పారిశ్రామిక వాడలకు శంకుస్థాపన చేసి వెళ్లారు. డ్రోన్లు తయారుచేసేదీ, ఎగరేసేదీ, కూల్చేదీ అన్నీ ఒకే జిల్లాలో. ఇంత వైభోగం మాకెందుకు పట్టిందని ఆలోచిస్తే జవాబు దొరికింది: ఇక్కడ భూమి చవక, జనం పలచన.

ఈ పలచన అన్న మాట దగ్గరే మా ఉద్యమం మొదలవుతోంది.

డ్రోన్ ఎంత ప్రమాదమో కొలవడానికి ప్రపంచంలో ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్న పద్ధతిని సోరా అంటారు. పలు దేశాల విమానయాన నియంత్రణ సంస్థలు కలిసి జారస్ పేరిట దీన్ని రాసుకున్నాయి. 2024లో దాని 2.5 రూపం వచ్చింది. యూరప్ తన నిబంధనల్లో దీన్నే వాడుతోంది. డ్రోన్ ఎంత పెద్దది, ఎంత వేగంతో పోతుంది, కింద ఎంతమంది ఉన్నారు అన్నవి చూసి ప్రమాదం స్థాయి కడతారు. బరువు ఒక్కటే చూడడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం. మన 2021 డ్రోన్ నిబంధనలు 250 గ్రాములు, 2 కిలోలు, 25 కిలోలు, 150 కిలోలు అని తూకం వేసి వర్గాలు చేశాయి. ఇరవై కిలోల డ్రోన్ బీడు మీద పడినా, బడి మీద పడినా తూకానికి ఒకటే.

అయితే సోరాలోనూ మాకు ఒక చిక్కుంది. కింద ఉన్న జనాన్ని అది చదరపు కిలోమీటరుకు ఇంతమంది అని లెక్కిస్తుంది: 5 లోపు, 50 లోపు, 500 లోపు, అలా పైకి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా సాంద్రత సుమారు 230, కడపది 190 లోపు. ఊరి గుంపు తీసేసి చేలను మాత్రమే లెక్కేస్తే ఇంకా కిందికి, దాదాపు సున్నాకు పోతుంది. కాగితం మీద మా చేలు ఖాళీ. కానీ బుడ్డలు పీకే నాడు ఒక్క చేలో ముప్పై మంది వంగి ఉంటారు. పత్తి తీసేటప్పుడు పొద్దున ఏడింటికే ఆటోల నిండా ఆడవాళ్లు దిగుతారు, సాళ్ల మధ్య పసిబిడ్డకు చీరతో ఉయ్యాల కడతారు. కోసిన చేలలో గొర్రెల మంద తోలుకుని కాపరి నెలల తరబడి అక్కడే పడుకుంటాడు. అతను ఏ ఊరి లెక్కలో ఉంటాడు? జనాభా లెక్క రాత్రి ఇంట్లో ఎవరున్నారో చెబుతుంది, పగలు చేలో ఎవరున్నారో చెప్పదు. డ్రోన్ ఎగిరేది పగలు.

మన నిబంధనలకు వద్దాం. 2021 ఆగస్టు 25న అవి వచ్చాయి, నెలలోపే దేశ పటాన్ని మూడు రంగుల్లో చూపించారు. ఎరుపు అంటే నిషేధం, పసుపు అంటే అనుమతి, పచ్చ అంటే 400 అడుగుల లోపు ఎవరినీ అడగనక్కర్లేదు. విమానాశ్రయాల చుట్టుపక్కల తీసేస్తే మా ఊళ్లలో ఎక్కువ భాగం పచ్చే. కరువు సీమ అంత పచ్చగా కనిపించేది ఆ ఒక్క పటంలోనే. అడగనక్కర్లేని ఆ జాబితాలో గ్రామ పంచాయతీ కూడా చేరిపోయింది. అనుమతి లేనిదే లేవకుండా కట్టడి, ఎక్కడుందో ఎప్పటికప్పుడు తెలిపే పరికరం, హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు వంటివి ముందుముందు నోటిఫై చేయవచ్చని ఆ నిబంధనల్లోనే రాశారు. మేం కోరేది ఆ ముందుముందు ఇప్పుడే కావాలని.

ఇతర దేశాలు ఆగలేదు. యూరప్‌లో 2024 జనవరి 1 నుంచి నిర్దేశించిన డ్రోన్లన్నీ గాల్లో ఉన్నంతసేపూ తమ గుర్తింపు సంఖ్యను ప్రసారం చేయాలి. అమెరికాలో అదే ఏడాది మార్చి 16 నుంచి ఈ నిబంధనను గట్టిగా అమలు చేస్తున్నారు. కింద ఉన్న మనిషి ఫోన్లోనే ఆ సంఖ్య చూసుకోవచ్చు. మనకు అంత వచ్చేదాకా చేయగలిగింది ఒకటుంది: డ్రోన్ తెచ్చిన బొలెరో వెనక తలుపు మీద దాని రిజిస్ట్రేషన్ సంఖ్య, నడిపేవారి పేరు, ఫోన్ నంబరు అరచేతి ఎత్తు తెలుగు అక్షరాల్లో రాయించడం. ఒక పెయింటర్, ఒక పూట.

మందు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాకు రోజూ తగిలేది అదే. ఆషాఢం గాలి ఎట్లా వీస్తుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒకరి చేలో పురుగుకు కొట్టిన మందు పక్క కయ్యలోని మల్బరీ ఆకు మీద వాలితే ఆ ఆకు తిన్న పట్టుపురుగులు తట్టల్లోనే చస్తాయి. డ్రోన్ రెక్కల గాలికి తుంపర ఇంకా చెదురుతుంది. పంపు మనిషి గాలి తిరిగితే ఆగేవాడు, రోజుకు ఇరవై ఎకరాలు ముగించాల్సిన డ్రోన్ పిల్లవాడికి ఆగే వీలు తక్కువ. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనే ఉంది: ఆకాశం నుంచి మందు చల్లేముందు కనీసం 24 గంటల ముందు జనానికి తెలపాలి, సంబంధం లేని మనుషులను, పశువులను ఆ చేలలోకి రానీయకూడదు. విమానాల కోసం రాసిన మాటే, డ్రోన్‌కూ వర్తించాల్సిందే. 2021 డిసెంబరులో వ్యవసాయ శాఖ డ్రోన్ పిచికారీకి పద్ధతులూ ప్రకటించింది. మా ఊళ్లలో ఎన్నింట్లో దండోరా వేశారు? గుడి మైకులో ఒక్కసారైనా చెప్పారా?

కేరళను మరవకూడదు. కాసరగోడ్‌లో జీడిమామిడి తోటల మీద ఇరవై ఏళ్లకు పైగా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లి 2000 నాటికి ఆపారు. బాధితులకు తలా 5 లక్షలు ఇవ్వమని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2017 వచ్చింది. డ్రోన్, హెలికాప్టర్ ఒకటి కావు, నిజమే. డ్రోన్ కిందుగా ఎగురుతుంది, కొద్దిగానే చల్లుతుంది. కానీ కింద ఉన్నవాళ్లను అడగకపోవడం రెండింట్లోనూ ఒకటే.

పరిహారం దగ్గరికొస్తే కోపం ఆగడం లేదు. 1944 నాటి షికాగో ఒప్పందంలో 8వ అధికరణం పైలట్ లేని విమానాల గురించి అప్పుడే మాట్లాడింది. వాటివల్ల ఇతర విమానాలకు ప్రమాదం లేకుండా చూడాలంది. నేల మీది మనిషి ప్రస్తావన ఆ అధికరణంలో లేదు. 1952లో రోమ్ ఒప్పందం వచ్చి, పైనుంచి పడినదానివల్ల నష్టపోయినవాడు ఎవరి తప్పో నిరూపించనక్కర్లేదంది. మన 2021 నిబంధనలు నానో డ్రోన్లు తప్ప మిగతావాటికి మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా, పరిహారం వర్తిస్తాయన్నాయి. ఆ చట్టం 164వ సెక్షన్ ప్రకారం తప్పెవరిదైనా చావుకు 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. అలాంటిది 2025 సెప్టెంబరులో కేంద్రం విడుదల చేసిన పౌర డ్రోన్ల బిల్లు ముసాయిదాలో చావుకు రెండున్నర లక్షలు, తీవ్ర గాయానికి లక్ష అని రాశారు. లారీ కింద పడితే ఒక రేటు, డ్రోన్ కింద పడితే సగం రేటా?

ఆ ముసాయిదా మీద అభిప్రాయం చెప్పడానికి ఇచ్చింది సెప్టెంబరు 16 నుంచి 30 దాకా. అదే ఏడాది ఆగస్టు 7న అమెరికా కంటిచూపు దాటి ఎగిరే డ్రోన్లకు కొత్త నిబంధనలు ప్రతిపాదించి జనానికి 60 రోజులు ఇచ్చింది. యూరప్ విమాన భద్రతా సంస్థ ఎయిర్ ట్యాక్సీలు రాకముందే, 2021లోనే, ఆరు నగర ప్రాంతాల జనాన్ని మీకు భయమేమిటని సర్వే చేసింది. సీమకు హామీలిచ్చిన శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి మాటలిచ్చి మరవడం చూసినవాళ్లం, రెండు వారాల గడువు చూసి ఆశ్చర్యపోలేదు గానీ, ఈసారి ఊరుకోదలచుకోలేదు.

ఎయిర్ ట్యాక్సీల గురించి ఎక్కువ రాయం. చైనా 2023 అక్టోబరులో పైలట్ లేని ఈహ్యాంగ్ ప్రయాణికుల వాహనానికి ధ్రువపత్రం ఇచ్చింది, మరుసటేడు అమెరికా అలాంటి వాహనాల పైలట్లకు నిబంధనలు పెట్టింది. ఇక్కడికీ వస్తాయేమో. పల్లెవెలుగు బస్సు రోజుకు రెండు ట్రిప్పులు సరిగా వచ్చాక వాటి మాట మాట్లాడుకుందాం.

మేం కోరేవి ఇవి. పిచికారీకి 24 గంటల ముందు రైతు సేవా కేంద్రంలో తెలుగులో నోటీసు, ఊళ్లో దండోరా. సచివాలయంలో ఒక డ్రోన్ రిజిస్టరు: ఏ చేను, ఏ మందు, ఎవరి డ్రోన్. ప్రమాదం జరిగితే నడిపినవారు 48 గంటల్లో ఆన్‌లైన్‌లో తెలపాలన్న నిబంధన ఉంది, ఆ కాపీ పంచాయతీకీ రావాలి. పరీక్షలకు, కొత్త మార్గాలకు ప్రమాదం లెక్క కట్టేటప్పుడు జనాభా లెక్కలు చాలవు, కోతల నాటి, మేత నాటి పగటి లెక్క గ్రామసభలో తీయాలి. పరిహారం లారీకి తగ్గకూడదు, పంట నష్టం పట్టా ఎవరి పేరున ఉన్నా సేద్యం చేసిన కౌలుదారుకే రావాలి. రక్షణ పరీక్షల రహస్యాలు మాకొద్దు, ఏ రోజు ఏ పొలాల వైపు పోకూడదో ముందురోజు చెబితే చాలు.

డ్రోన్ నడిపే శిక్షణ, పాఠం, పరీక్ష తెలుగులో ఉండాలన్నది ఇంకొకటి. పదో తరగతి చదివి పద్దెనిమిదేళ్లు నిండితే సర్టిఫికెట్‌కు అర్హులే. నమో డ్రోన్ దీదీ పథకం దేశంలో 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లిస్తామంటోంది. పొదుపు ఉద్యమానికి పేరు మోసిన ఓర్వకల్లులో ఆడపిల్లలు డ్రోన్ సిటీ గేటు దగ్గర ఊడ్చే పనికి మాత్రమే పోతే మాకది ఓటమే. ముసాయిదా బిల్లులో జైలుశిక్షలూ ఉన్నాయి. యజమాని ఒత్తిడికి ఈదురుగాలిలో ఎగరేసిన పిల్ల జైలుకు, యజమాని ఇంటికి అన్న పద్ధతి మేం ఒప్పుకోం. నడిపేవాళ్లు మా ఎదుటి పక్షం కాదు, మాలోనివాళ్లే.

మొదటి పని ఖరీఫ్ పిచికారీ మొదలయ్యేలోపు. ప్రతి ఊళ్లో ఇద్దరు, అందులో ఒకరు ఆడవాళ్లు, నోటుపుస్తకం పట్టుకుని వచ్చిన ప్రతి డ్రోన్ తేదీ, గంట, చేను, మందు డబ్బా మీది పేరు, గాలి ఏ దిక్కుగా వీస్తోందో రాస్తారు. ఎవరినీ ఆపరు, తగువు పెట్టుకోరు, రాస్తారంతే. మూడు జిల్లాల పుస్తకాలు ఒకచోట చేర్చి కలెక్టర్లకు, విమానయాన డైరెక్టరేట్‌కు తెలుగులోనే పంపుతాం. తర్జుమా వాళ్లు చేయించుకుంటారు.

సభ్యత్వం పది రూపాయలు. కంపెనీల దగ్గర చందా తీసుకోం, పార్టీల జెండా కింద కూర్చోం. డ్రోన్ ఉన్నవాళ్లూ చేరవచ్చు, బండి తలుపు మీద నంబరు రాయించుకున్నాక.