యూరియా బస్తాకు ఒక ధర, గ్యాస్ బండకు మరొకటి

సహజ వాయువు పేదరికాన్ని తగ్గిస్తుందన్న మాట విధాన పత్రాల్లో ఇప్పుడు దాదాపు సూత్రంగా స్థిరపడిపోయింది. అది బొగ్గు కంటే శుభ్రంగా మండుతుంది, కర్మాగారాన్ని నడుపుతుంది, ఎరువుకు ముడిసరుకు అవుతుంది, వంటింటి పొగను తొలగిస్తుంది. వీటిలో ఏదీ అబద్ధం కాదు. అయితే ఈ లాభాలన్నీ ఒకే గడపకు చేరవు. ఎవరి ఇంటికి ఏ రూపంలో, ఏ ధరకు చేరుతున్నాయో తెలియాలంటే కోనసీమ బావుల దగ్గర నిలబడి చూస్తే చాలదు. ఆ బావుల ఫలం ఎన్నడూ నేరుగా అందని అనంతపురం మెట్ట నేలపై నిలబడి చూడాలి.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. 2022లో జిల్లా రెండుగా విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినా ఆ లెక్క మారలేదు. వేరుశనగను, వలసను నమ్ముకొని బతికే ఈ నేలపై దళితుల జనాభా సుమారు 14 శాతం. బోయ, కురుబ, గొల్ల, సుగాలీ కుటుంబాలను కూడా కలిపి చూస్తే వ్యవసాయ కూలీల్లో అత్యధికులు ఎవరో చెప్పనక్కరలేదు.

కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డి6 క్షేత్రంలో 2002లో భారీ నిక్షేపాలు బయటపడ్డాయి. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. మరుసటి ఏడాదికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరి, అంతే వేగంగా పడిపోయింది. ఆ వాయువును నమ్ముకొని కట్టిన విద్యుత్ కేంద్రాలు గోదావరి ఒడ్డున పనిలేక నిలిచిపోయాయి. కాకినాడ నుంచి వేసిన పెద్ద పైపులైను గుజరాత్‌లోని భరూచ్ దాకా వెళ్లింది తప్ప రాయలసీమ వైపు తిరగలేదు. డెల్టా పేదలకు దక్కిందేమిటో 1995 జనవరిలో రెండు నెలలకు పైగా మండిన పాశర్లపూడి బావి, 2014 జూన్ 27న నగరంలో పేలిన పైపులైను గుర్తు చేస్తాయి. ఇదంతా తెలిసిన కథే. ఇక్కడ చెప్పదలచినది అంతగా చర్చకు రాని మరో సంగతి.

దేశంలో వాయువును ఎక్కువగా వాడుకునే రంగాల్లో యూరియా పరిశ్రమ ముందువరుసలో ఉంది. వాయువు నుంచి అమోనియా, అమోనియా నుంచి యూరియా. కాకినాడ ఎరువుల కర్మాగారం నిర్మించింది కూడా ఈ లెక్కతోనే. దేశీయ వాయువు చాలక దిగుమతి చేసుకున్న ద్రవరూప వాయువును సైతం ఈ పరిశ్రమకు మళ్లిస్తారు. ఇంత ఖరీదైన ముడిసరుకుతో తయారైన 45 కిలోల బస్తా ధరను 2018లో పన్నులు కాకుండా 242 రూపాయలుగా నిర్ణయించారు. ఉక్రెయిన్ యుద్ధంతో 2022లో అంతర్జాతీయ మార్కెట్ భగ్గుమన్నప్పుడూ ఆ ధర కదల్లేదు. తేడాను ఖజానా భరిస్తోంది. ఇటీవలి ఏళ్లలో ఆ భారం ఏటా లక్ష కోట్ల రూపాయలు దాటుతోంది.

ఈ లక్ష కోట్లు వాయువు ద్వారా ఎవరికి చేరుతున్నాయి? యూరియా కొనడానికి పట్టా చూపనక్కరలేదు, కౌలుదారుకూ దొరుకుతుంది. అది మంచిదే. కానీ బస్తా చల్లడానికి పొలం కావాలి, పొలానికి నీరు కావాలి. వరి, చెరకు, మొక్కజొన్న పండే తడి నేల ఎంత ఉంటే సబ్సిడీ అంత. వేరుశనగ పప్పుజాతి మొక్క, తన నత్రజనిలో చాలాభాగం తన వేరు బుడిపెల్లోనే స్థిరీకరించుకుంటుంది. వాన పడని ఏడు దానికి యూరియా వేసినా దండగే. కాబట్టి సబ్సిడీ సహజంగానే కాలువ కింది నేలకు, బోరు ఉన్న తోటకు ఎక్కువగా, వర్షాధార చేనుకు తక్కువగా, చేనే లేని ఇంటికి సున్నాగా అందుతుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో దళితుల సాగులో ఉన్న విస్తీర్ణం మొత్తంలో పదో వంతు కూడా లేదు. ఎరువుల సబ్సిడీ పత్రాల్లో కులం ప్రస్తావన కనిపించదు. నేల పంపకంలోనే అది ఉన్నప్పుడు మళ్లీ పత్రాల్లో రాయవలసిన అవసరమేముంది?

నేల లేని ఇంటికి అందేది గ్యాస్ బండ. అందులో ఉండేది సరిగ్గా సహజ వాయువు కాదు. వాయు శుద్ధి కేంద్రాల్లోనూ, చమురు శుద్ధి కర్మాగారాల్లోనూ వేరుచేసే ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమం. దేశ అవసరాల్లో దాదాపు 60 శాతం దిగుమతే, అదీ ఎక్కువగా గల్ఫ్ దేశాల నుంచి. ధరకు మూలం సౌదీ అరేబియా ప్రకటించే ధర. అంటే యూరియా లాగే ఇదీ విదేశీ మార్కెట్‌కు ముడిపడిన సరుకు. అక్కడ ఆ ఒడుదొడుకులన్నింటినీ ప్రభుత్వం భరిస్తుంది. ఇక్కడ వాటిలో అధిక భాగం కూలితల్లి భరిస్తుంది.

బండను పేదింటికి చేర్చడంలో తెలుగు నేల దేశానికి దారి చూపింది. 1999లో మొదలైన దీపం పథకం డ్వాక్రా మహిళల తరఫున కనెక్షన్ డిపాజిట్ కట్టింది. 2016 మే 1న కేంద్రం ఉజ్వలను ప్రారంభించేనాటికే మన పేద ఇళ్లలో చాలావాటికి కనెక్షన్ ఉంది. విచిత్రమేమిటంటే ముందు నడిచినందుకే నష్టపోయాం. 2020 తర్వాత సాధారణ వినియోగదారుల సబ్సిడీ దాదాపు ఆవిరైంది. ఆ తర్వాత కేంద్రం ప్రకటించిన 200 రూపాయల సాయం, 2023లో 300కు పెరిగినది, ఉజ్వల లబ్ధిదారులకే పరిమితమైంది. దీపం కింద కనెక్షన్ పొందిన మాదిగవాడ ఇల్లు, అనంతపురం పట్టణంలోని ప్రభుత్వోద్యోగి ఇల్లు కేంద్రం దృష్టిలో ఒకే వరుసలో నిలిచాయి.

కనెక్షన్ ఇవ్వడం వేరు, బండ మళ్లీ నింపించుకోవడం వేరు. ఉజ్వలపై 2019లో వెలువడిన కాగ్ నివేదిక ఈ తేడాను లెక్కగట్టింది. ఏడాది పూర్తి చేసుకున్న లబ్ధిదారులు ఏటా సగటున తీసుకున్నవి 3.21 బండలే. పూర్తిగా గ్యాస్‌పైనే వండుకునే కుటుంబానికి ఏడెనిమిది అవసరం. మిగతా నెలల్లో పొయ్యి దేనితో వెలుగుతోంది?

ఇక్కడే అనంతపురం చెప్పే సమాధానం వినాలి. ఈ మెట్టలో వంటచెరకు కూడా భూమి ప్రశ్నే. కందికట్టె చేనుగల వారిది. కూలికి వెళ్లిన స్త్రీ నాలుగు కట్టెలు తెచ్చుకోవాలంటే ఆసామి అనుమతి కావాలి. ఆ అనుమతికి మాటలతో, వంగిన మెడతో, కొన్నిసార్లు అదనపు చాకిరితో మూల్యం చెల్లించాలి. మిగిలింది వంకల వెంబడి, పోరంబోకుల్లో పెరిగే కంప. ముళ్లు గీసుకుంటూ నరికి, మోపు కట్టి, తలకెత్తుకొని రావాలి. ఆ పోరంబోకులు, అసైన్డ్ భూములు ఇప్పుడు సౌర పలకల కిందికి, గాలిమరల కిందికి పోతున్నాయి. నంబులపూలకుంటలో 1,500 మెగావాట్ల లక్ష్యంతో మొదలైన సౌర పార్కు 2016 నుంచి విద్యుత్ ఇస్తోంది. అక్కడ పట్టా లేకుండా తరాలుగా సాగు చేసుకున్నవారి పరిహారం వివాదమైంది. మేత, వంటచెరకు పోయినందుకు పరిహారం అనే ఆలోచనే ఎవరి దస్త్రంలోనూ లేదు. శుభ్రమైన ఇంధనం తీగల వెంట ఊరు దాటిపోయింది, ఊరి పొయ్యికి కంప కూడా దూరమైంది.

రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ప్రారంభించిన దీపం-2 ఏటా మూడు బండలు ఉచితమన్నది. ఇది నిజమైన ఉపశమనమే. ఉచితాల మీద ఎద్దేవా చేసే మధ్యతరగతి పండితులు ఒక నెల కంపకట్టెతో వండి చూడాలి. కానీ పథకం మొదలైన పద్ధతి గమనించండి: ముందు పూర్తి ధర చెల్లించాలి, తర్వాత సొమ్ము ఖాతాలో పడుతుంది. 2025-26లో ఉపాధి హామీ దినకూలి 307 రూపాయలు. అప్పట్లో బండ ధర 850 రూపాయల పైచిలుకు. అంటే కొలతల్లో కోత పడకుండా చేసిన దాదాపు మూడు రోజుల పని. 2006 ఫిబ్రవరి 2న దేశవ్యాప్త ఉపాధి హామీకి శ్రీకారం చుట్టింది ఈ జిల్లా బండ్లపల్లిలోనే. కూలి డబ్బు వారాల తరబడి రాకపోవడమంటే ఏమిటో ఈ జిల్లాకు చెప్పనక్కరలేదు. చేతిలో డబ్బు ఆడే ఇంటికి ‘ముందు కట్టు’ అన్నది చిన్న లాంఛనం. ఆడని ఇంటికి అదే బండకూ పొయ్యికీ మధ్య గోడ.

ఈ చిత్రంలో మూడో పొర కూడా ఉంది. ప్రభుత్వరంగ సంస్థల పాత క్షేత్రాల నుంచి వచ్చే చవక వాయువుకు 2023 ఏప్రిల్‌లో కేంద్రం గరిష్ఠ ధర విధించింది. యూనిట్‌కు 6.5 డాలర్లు. ఆ వాయువులో ప్రాధాన్యం నగరాల్లో ఇంటింటి పైపు గ్యాస్‌కు, వాహనాల సీఎన్‌జీకి. అనంతపురానికీ నగర గ్యాస్ పంపిణీ వచ్చింది. సీఎన్‌జీ ఆటో నడిపే దళిత, ముస్లిం, బీసీ యువకుడికి దీనివల్ల రోజుకు నాలుగు డబ్బులు మిగులుతాయి, ఆ మేలును తక్కువ చేయనక్కరలేదు. కానీ పైపు వెళ్లేది పక్కా ఇళ్లున్న వీధికి, రేకుల ఇళ్ల కాలనీకి కాదు. పైపు వేయని పల్లెకు మిగిలేది సౌదీ ధరతో ఊగే బండే. నేల కింద దొరికిన సొంత వాయువు కారు కలిగినవాడికి నియంత్రిత ధరకు దొరుకుతుంది, కూలికి పోయేవారికి దిగుమతి సరుకు అంగడి ధరకు దొరుకుతుంది.

వాయువు వస్తే పరిశ్రమ వస్తుంది, పరిశ్రమ వస్తే ఉద్యోగాలు వస్తాయి, వంటింటి లెక్కలెందుకు అనేవారున్నారు. పెనుకొండ దగ్గర కార్ల కర్మాగారం 2019లో పని మొదలుపెట్టింది, ఉద్యోగాలూ వచ్చాయి. అదే ఏడాది రాష్ట్రం చేసిన చట్టం పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకు అన్నది కానీ, ఆ స్థానికుల్లో ఎవరు అన్న ప్రశ్న జోలికి పోలేదు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేనంతకాలం పరిశ్రమ పేరుతో దక్కే వాటా ఎంతన్నది ఎవరూ లెక్క చెప్పరు.

కోరవలసింది పెద్దదేమీ కాదు. యూరియా బస్తాకు వర్తించే సూత్రాన్నే భూమిలేని కుటుంబాల గ్యాస్ బండకూ వర్తింపజేయాలి: మార్కెట్ ఎటు ఊగినా కదలని ధర. డబ్బు ముందుగా ప్రభుత్వమే పంపిణీదారుకు చెల్లించాలి. ఒకేసారి పెద్ద మొత్తం కట్టలేని ఇళ్ల కోసం 5 కిలోల చిన్న సిలిండర్ పట్టణంలోనే కాక పల్లె డీలర్ దగ్గరా అదే లెక్కన దొరకాలి. సౌర, పవన పార్కులకు భూమి ఇచ్చేటప్పుడు అక్కడ మేత, వంటచెరకు ఏరుకునే కుటుంబాల జాబితా తయారుచేసి, వారికి ఏడాది పొడవునా బండలు ఆ కంపెనీల ఖర్చుతో ఇప్పించాలి.

వీటన్నిటికంటే ముందు ఒక పని ఖర్చు లేకుండా చేయవచ్చు. ఏ ఇల్లు ఏ తేదీన బండ బుక్ చేసిందో చమురు కంపెనీల దగ్గర ఉంది. ఏ ఇల్లు ఏ సామాజిక వర్గానిదో రాష్ట్ర ప్రభుత్వం దగ్గర ఉంది. రెండింటినీ కలిపి, పేర్లు తీసేసి, మండలాలవారీగా బయటపెట్టాలి. ఉచిత బండలు మూడూ అయిపోయాక నాలుగోది సొంత డబ్బుతో తెచ్చుకున్న ఇళ్లు ఊళ్లో ఎన్ని, ఎస్సీ కాలనీలో ఎన్ని, తండాలో ఎన్ని?