సంతకం లేని తుపాకులు

తపాలా బిళ్ళలు దాచుకునేవాళ్ళు వుంటారు. పాత నాణేలు, గ్రామఫోను రికార్డులు, ఆగిపోయిన గడియారాలు పోగుచేసేవాళ్ళూ వుంటారు. వాటివల్ల ఇంట్లో చోటు తగ్గుతుందేమోగాని ఎవరికీ నష్టం లేదు. కాస్త డబ్బూ కాస్త తీరికా వున్న మగమహారాజుల్లో కొందరికి మరో సరదా వుంది. పాత సైనిక తుపాకులు! హాల్లో సోఫా వెనక గోడమీద, ఇదివరకు అత్తగారూ మామగారూ ఫోటోల్లోంచి మనల్ని కనిపెట్టి చూస్తుండే చోట, రెండు తుపాకులు ఇంటూ గుర్తులా బిగిస్తారు. వాటిమీద దుమ్ము తుడిచేది ఎవరో నేను చెప్పక్కర్లేదు.

ఆడవాళ్ళకి తుపాకులంటే భయం, అందుకే ఈ విసుర్లు అనుకోకండి. నవలలు రాసుకునేదాన్ని, పాత వస్తువంటే నాకూ ప్రాణమే. నా పోట్లాట పోగుచెయ్యడం మీద కాదు. లెక్క చెప్పకుండా పోగుచెయ్యడం మీద.

మన అమ్మమ్మల ఇత్తడి గంగాళం సంగతి చూడండి. అంచున పేరు చెక్కి వుంటుంది. ఎవరి పెళ్ళికి, ఏ మేనమామ, ఏ సంవత్సరంలో ఇచ్చాడో గంగాళమే చెబుతుంది. పేరు చెక్కని గిన్నె పొరుగింటికి పులుసు తీసుకెళ్తే తిరిగిరాదని మన అమ్మలకి తెలుసు. తుపాకికీ అంతే. ఈస్టిండియా కంపెనీ మస్కెట్ల మీద మొదట్లో గుండెకాయ ఆకారంలో ఒక ముద్ర వుండేది, తర్వాత్తర్వాత నిలబడ్డ సింహం బొమ్మ వచ్చింది. రాణి పాలన వచ్చాక కిరీటం వచ్చింది. తయారైన సంవత్సరం, పటాలం గుర్తు, నంబరు ఇవన్నీ ఇనుము మీదా, చెక్క మడమ మీదా వుంటాయి. చదవగలిగితే అది తుపాకి కాదు, దస్తావేజు.

ఒకసారి ఒక పెద్దమనిషి ఇంట్లో గోడమీద అలాంటిది చూశాను. అద్దంలా మెరిసిపోతోంది. "మన్యం సరుకండీ!" అన్నాడాయన, మన్యం జీడిపప్పు గురించి చెప్పినంత తేలిగ్గా. "ఎవరిదండీ?" అని అడిగాను. "ఎవరిదైతేనేం, ఆ పనితనం చూడండి" అన్నాడు. ముద్రలు వుండాల్సిన చోట చూస్తే ఏమీ లేదు. మెరుపు కోసం అరగదీయించేశాడు! దస్తావేజు మీద అక్షరాలు చెరిపేసి కాగితం ఎంత తెల్లగా వుందో చూడమన్నట్టుంది.

అసలు మస్కెట్‌కీ రైఫిల్‌కీ తేడా ఏమిటంటారా? మస్కెట్ గొట్టం లోపల ఊరగాయ జాడీలా నున్నగా వుంటుంది. గుండు ఎటు పోతుందో కాల్చినవాడికీ నమ్మకం వుండదు. రైఫిల్ గొట్టంలో మెలితిరిగిన గాళ్ళు వుంటాయి. అందులోంచి గుండు బొంగరంలా తిరుగుతూ సూటిగా, దూరంగా పోతుంది. 1857లో సిపాయిల గుండెల్లో రగులుతున్న నిప్పుకి ఎన్‌ఫీల్డు రైఫిలు తూటాల కొవ్వు తోడైంది. ఆ తిరుగుబాటు అణిచాక దొరలు ఏం చేశారో తెలుసా? 1859లో మన సిపాయిలకోసం పైకి ఎన్‌ఫీల్డులాగే కనిపిస్తూ, లోపల గాళ్ళు లేని తుపాకులు చేయించారు. మనవాడి చేతిలో ఆయుధం వుండాలి, తెల్లవాడి ఆయుధం కంటే ఒక మెట్టు కిందే వుండాలి! ఒక ప్రభుత్వం తన ప్రజల్ని ఎంత అనుమానించిందో ఆ గొట్టంలోకి తొంగిచూస్తే తెలుస్తుంది. గోడకి తగిలించినవాడు అందులోకి ఏనాడైనా తొంగిచూశాడా అని నా సందేహం.

ఇక మన్యానికి వద్దాం. 1882 మద్రాసు అడవి చట్టంతో కొండవాళ్ళకి తమ అడవే పరాయిదైంది. పోడు కొట్టుకుంటే నేరం. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించేటప్పుడు ఆరణాల కూలి అని చెప్పి అణా, రెండణాలు చేతిలో పెట్టారు. కడుపు మండింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర సుమారు 300 మందితో చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. 11 తుపాకులు, 1,390 తూటాలు, 5 కత్తులు, 14 బాయినెట్లు పట్టుకుపోయారు. మర్నాడు కృష్ణదేవిపేటలో 7 తుపాకులు. ఆ మర్నాడు రాజవొమ్మంగిలో 8. మూడు రోజుల్లో 26 తుపాకులు!

ఇంతవరకు మనకందరికీ తెలిసిన కథే. సినిమాలోనూ చూశాం. నన్ను కట్టిపడేసేది ఆ తర్వాతి ముక్క. పట్టుకుపోతున్నవి ఏవేవో, ఎన్నెన్నో స్టేషను పుస్తకంలో రాసి, కింద రాజు సంతకం చేశాడు. ఆలోచించండి. సూర్యుడస్తమించని సామ్రాజ్యం మీద యుద్ధం ప్రకటించిన మనిషి, కాల్చి చంపుతారని తెలిసిన మనిషి, పద్దు రాయకుండా ఒక్క కత్తి కూడా కదల్చలేదు. దొంగకీ వీరుడికీ తేడా ఆ సంతకమే.

ఇప్పుడు మన గోడల మీది తుపాకుల సంతకం ఎక్కడుంది? ఎవరు అమ్మారు, ఏ ఊళ్ళో దొరికింది, ఎవరి తాత భుజాన మోశాడు? కాగితం ముక్క వుండదు. దోచుకున్నవాడు రసీదు ఇచ్చాడు. డబ్బిచ్చి కొన్నామంటున్న వాళ్ళ దగ్గర రసీదు లేదు! పేర్ల విషయంలో లోకరీతి ఎలా వుందో చూడండి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర చనిపోయిన స్కాట్ కవర్డ్, హైటర్ దొరల సమాధులు నర్సీపట్నంలో పేర్లతో సహా వున్నాయి. ఆ పోరాటంలో నేలకొరిగిన మామూలు కొండవాళ్ళలో ఎందరి పేర్లు మనం చెప్పగలం? పేరులేని ఆ మనుషులకి గుర్తుగా మిగిలేవి వాళ్ళు పట్టుకున్న వస్తువులే. వాటి ఊరూ పేరూ కూడా చెరిపేస్తే ఇక మిగిలేదేముంది?

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 2003లో నేపాలు రాజధాని ఖాట్మండులో, లగన్ సిలేఖానా అనే పాత భవనంలో తరతరాలుగా పడివున్న యాభైవేల పైచిలుకు తుపాకుల్ని అమెరికా వ్యాపారులు కొని ఓడలకెక్కించారు. ఇప్పుడవి ఒక్కొక్కటిగా ఎవరెవరి పడకగదుల్లోనో వున్నాయి. ఒక దేశం కథ పేజీ పేజీ చింపి చిల్లరగా అమ్మినట్టే కదా?

"మేం కొనకపోతే పాత ఇనుప సామాన్ల వాడికి పోయేవి, కరిగిపోయేవి" అంటారు వీళ్ళు. నిజమే, కొంత నిజముంది. సాలార్‌జంగుగారు పోగుచేయకపోతే ఇవాళ ఎన్ని వస్తువులు మనకు దక్కేవి? కాని ఆ సేకరణ 1951లో మ్యూజియంగా జనానికి తెరుచుకుంది. 1961లో పార్లమెంటు చట్టం కిందికి వచ్చింది. ప్రతిదానికీ పద్దు వుంది. బడిపిల్లాడు కూడా వెళ్ళి చూడగలడు. సేకరణ అంటే అదీ! తలుపు వేసుకుని దాచుకుంటే దాన్ని సేకరణ అనరు, సొంతం చేసుకోవడం అంటారు.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధాన్ని 1959 ఆయుధాల చట్టం మినహాయించింది. పేలేదైతే ఎంత పాతదైనా లైసెన్సు కావాల్సిందే. చరిత్రకి సంబంధించిన వస్తువు నూరేళ్ళు నిండితే 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, సొంతదారుడైనా దేశం దాటించకూడదు. 2022 ఆగస్టుతో మన్యం తిరుగుబాటుకి నూరేళ్ళు నిండాయి. అంటే ఆనాటి తుపాకి ఎక్కడున్నా, అది ఇప్పుడు ఎవరో ఒకరి అలంకారం కాదు, జాతి సొత్తు.

ఇంకోవైపు చూడండి. అరకు చుట్టుపక్కల చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్ళు విల్లంబులూ నాటు తుపాకులూ పట్టుకుని వేటకి పోవడం పాత ఆచారం. వట్టిచేతులతో తిరిగొచ్చిన వీరుల మీద ఆడవాళ్ళు పేడ కొట్టి పకపకా నవ్వుతారు. (మనకి ఆ సౌకర్యం లేదు, కూరలు మరిచిపోయి వచ్చినా కాఫీ ఇవ్వాల్సిందే!) ఆ నాటు తుపాకులు అప్పగించమని పోలీసులు పిలుపు ఇస్తుంటారు. ఇవ్వాల్సిందే, నేను కాదనను. అడవిలో జంతువుకీ మంచిది, పొరపాటున పేలితే మనిషికీ మంచిది. కాని కొండవాడి గుడిసెలో వుంటే నేరం, పట్నంలో గోడమీద వుంటే ముచ్చట అనే రెండు కళ్ళ చూపు నాకు గిట్టదు. ఆ అప్పగించిన కుప్పలో తాతలనాటిది ఏదైనా వుందా అని చూసేందుకు చరిత్ర తెలిసిన మనిషిని ఒకరిని పక్కన కూర్చోబెట్టాలి. తెచ్చిన ముసలాయన ఏం చెబితే అది రాసుకోవాలి. కరిగించాక ఎంత వగచినా లాభం లేదు.

2022లో భీమవరంలో 30 అడుగుల సీతారామరాజు విగ్రహం లేచింది. అరకు, పాడేరు, చింతపల్లి వున్న జిల్లాకి ఆయన పేరే పెట్టారు. చింతపల్లి స్టేషనుని బాగుచేయిస్తామని ప్రధానమంత్రి చెప్పారు. సంతోషం. అయితే విగ్రహానికి దండ వేసినంత తేలిక కాదు, లెక్క రాయడం. అటవీ పోరాటాలనాటి ఆయుధాలు ఏ మ్యూజియంలో, ఏ మాల్‌ఖానాలో, ఎవరింట్లో ఎన్ని వున్నాయో ఒక పట్టీ తయారుచేసి అచ్చువేయించాలి. వాటి చోటు మన్యంలోనే వుండాలి. అరకు మ్యూజియంలో ధింసా బొమ్మల పక్కన ఫోటో తీయించుకుని వచ్చేసే మన పిల్లలు, ఒక మస్కెట్ ముందు నిలబడి దానికింద రాసిన ఊరి పేరు, మనిషి పేరు చదవాలి.

మీ ఇంట్లో అటకమీద తాతగారి తుపాకి వుందనుకోండి. దయచేసి చింతపండు పెట్టి తోమకండి, ముద్రలు పోతాయి. పిల్లల్ని అసలు ముట్టుకోనివ్వకండి. పాతకాలంలో కూరిన మందు నూరేళ్ళయినా పేలగలదు. పోలీసు స్టేషనుకి కబురు చెయ్యండి. ఈలోగా ఇంట్లో పెద్దవాళ్ళకి గుర్తున్నదంతా ఒక నోటుపుస్తకంలో రాసి, కింద మీ సంతకం పెట్టండి.

ఎవరింటికో పేరంటానికి వెళ్ళినప్పుడు గోడమీద అలాంటిది కనిపిస్తే మొహమాటపడకండి. "ఎవరిదండీ ఇది?" అని అడగండి. జవాబు చెప్పగలిగితే కూర్చుని వినండి. చెప్పలేకపోతే తాంబూలం పుచ్చుకుని వచ్చేయండి, మెచ్చుకోకండి.