వి.డి.ఆర్.ఎల్. పాజిటివ్ వస్తే ఇల్లాలిని అనుమానించవచ్చా?

గర్భిణీ స్త్రీలకు మొదటి నెలల్లో చేసే రక్తపరీక్షల్లో వి.డి.ఆర్.ఎల్. ఒకటి. సవాయి వ్యాధి, అంటే సిఫిలిస్, ఉందేమో చూడడానికి చేస్తారు. చవకైన పరీక్ష, అవసరమైన పరీక్ష. మా అభ్యంతరం పరీక్ష మీద కాదు, "పాజిటివ్" అని అందరి ముందూ పైకి చదివే అలవాటు మీద. మన అనంతపురం పల్లెల్లో వానలు లేక భర్త బెంగళూరుకు కూలికి వెళ్లి, భార్య ఇంటి దగ్గర ఉండే కుటుంబాలు ఎన్నో. ఆ ఒక్క మాటతో అత్తగారింట్లో ఏం జరుగుతుందో వార్డులో పనిచేసేవారికి వేరే చెప్పనక్కరలేదు.

అసలు ఈ పరీక్ష సిఫిలిస్ క్రిమిని వెదకదు. కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థానికి అంటుకునే యాంటీబాడీలను వెదుకుతుంది. అలాంటి కొవ్వు మన కణాల్లోనూ ఉంది. కనుక సిఫిలిస్ లేనివారిలో కూడా ఆ యాంటీబాడీలు ఉంటే పాజిటివ్ వస్తుంది. మలేరియా, కుష్ఠు, ఒక్కోసారి గర్భమే అందుకు కారణం కావచ్చు. కానీ నెలల తరబడి అలాగే ఉంటే లూపస్ గుర్తుకు రావాలి. 1950లలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో డాక్టర్ జోసెఫ్ మూర్ ఇలా తప్పుగా పాజిటివ్ వచ్చినవారిని గమనిస్తూ పోగా, కొందరిలో లూపస్ బయటపడింది.

ఎందుకిలా? మన ఒంట్లో రోజూ కోట్లాది కణాలు చనిపోతాయి. చనిపోయే కణం తన లోపలి పొరలోని కొవ్వును బయటికి తిప్పుతుంది. అది చూసి తెల్లకణాలు వచ్చి మింగేస్తాయి. లూపస్‌లో ఈ శుభ్రం చేసే పని వెనుకబడుతుంది. మిగిలిపోయిన ఆ చెత్తనే శరీరం శత్రువనుకొని యాంటీబాడీలు తయారుచేస్తుంది. రక్తంలో బీటా-2 గ్లైకోప్రొటీన్ అనే ప్రొటీన్ ఉంది. బయటపడ్డ కొవ్వుకు అది అతుక్కుంటుంది, దానిని యాంటీబాడీ పట్టుకుంటుంది. ఈ జత రక్తనాళాల లోపలి పొరను, ప్లేట్‌లెట్లను, మాయను రెచ్చగొడుతుంది. కాలి నరంలో రక్తం గడ్డకట్టి కాలు వాస్తుంది, చిన్న వయసులోనే పక్షవాతం వస్తుంది, మాయ పని చెడి కడుపులో బిడ్డ పోతుంది.

విచిత్రమేమంటే, ఇదే రక్తాన్ని ఎ.పి.టి.టి. పరీక్షకు గొట్టంలో పెడితే ఆలస్యంగా గడ్డకడుతుంది! గడ్డకట్టడానికి అక్కడ కావలసిన కొవ్వును యాంటీబాడీలు ఆక్రమించుకుంటాయి గనుక. రిపోర్టు చూసి రక్తస్రావం అవుతుందని భయపడతాం, ముప్పేమో గడ్డల నుంచి. 1983లో లండన్‌లో డాక్టర్ గ్రాహం హ్యూస్ ఈ గడ్డలను, గర్భనష్టాలను, యాంటీబాడీలను కలిపి ఒకే జబ్బుగా వివరించారు. ఇది లూపస్ లేకుండానూ రావచ్చు.

పల్లె నుంచి వచ్చిన మనిషి మళ్లీ రాదు, గనుక అప్పుడే చెప్పేయాలి అని కొందరు అంటారు. మేము ఒప్పుకోము. డాక్టరు పెన్సిలిన్ సూది వేయమంటే ఆ రోజే వేయాలి, బిడ్డ కోసం అది ఆగకూడదు. కానీ టి.పి.హెచ్.ఎ. ఫలితం రాకముందే జబ్బుకు పేరు పెట్టకూడదు. నిజంగా సిఫిలిస్ అని తేలినా, తలుపు మూసిన గదిలో చెప్పాలి, భర్తకూ వైద్యం చేయించాలి.

టి.పి.హెచ్.ఎ. నెగెటివ్ వచ్చిందని ఫైలు మూసేయడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని, "ఎన్ని కాన్పులమ్మా, ఎన్ని నిలవలేదు?" అని అడగాలి. పది వారాలు దాటాక బిడ్డ పోయినా, అంతకుముందే మూడుసార్లు కడుపు పోయినా ఈ యాంటీబాడీల పరీక్ష చేయించాలి. పన్నెండు వారాల తర్వాత మళ్లీ చేసి సరిచూడాలి. ముఖం మీద మచ్చలు, కీళ్ల నొప్పులు ఉన్నాయా అనీ అడగాలి. శెనక్కాయ చేనులో ఎండకు తిరిగితే మచ్చలు రావా అంటారు. 2006 చికున్‌గున్యా తర్వాత ఇక్కడ కీళ్ల నొప్పి అంటే అందరికీ అదే తోస్తుంది.

జబ్బు తేలితే వైద్యం ఉంది. తక్కువ మోతాదు ఆస్ప్రిన్, హెపారిన్ సూదులతో చాలామంది బిడ్డను ఎత్తుకొని ఇంటికి వెళ్తున్నారు. గొడ్రాలని, దోషమని వాళ్లను పుట్టింటికి పంపేవారు ముందుగా ఈ రక్తపరీక్షకు పంపాలి. ఇంకొక మాట, మా సిస్టర్లకు. ఈ యాంటీబాడీలున్న తల్లికి కాన్పు తర్వాత మాలా-డి ఇవ్వవద్దు. అందులోని ఈస్ట్రోజెన్ గడ్డల ముప్పును పెంచుతుంది. కాపర్-టి గురించి డాక్టరును అడగండి.