చావు చిక్కని వీరుడు

యుద్ధంలో గెలిస్తే ఎవరైనా సంబరపడతారు. గోట్రెక్ గర్నిసన్ మాత్రం ఉసూరుమంటాడు. ఎందుకంటే, అతను పోరుకు వెళ్లేదే చావడానికి!

పాచికలు వేస్తూ, బల్లమీద బుల్లి బొమ్మల సైన్యాలను నడిపే 'వార్‌హ్యామర్' ఆట 1983లో బ్రిటన్‌లో మొదలైంది. ఆ ఆటలోని లోకం ఆధారంగా విలియం కింగ్ 1989లో రాసిన కథతో పుట్టిన మరుగుజ్జు యోధుడే గోట్రెక్. ఆ జాతిలో పరువు పోగొట్టుకున్నవాళ్లు తల గొరిగించుకుని, నడినెత్తిన మిగిలిన జుట్టుకు నారింజరంగు వేసుకుంటారు. కవచమైనా లేకుండా పెద్దపెద్ద రాక్షసుల మీదికి వెళ్తారు. వీరమరణమే వాళ్లకు ప్రాయశ్చిత్తం. గోట్రెక్ చావును కావ్యంగా రాస్తానని తాగిన మత్తులో మాటిచ్చిన కవి ఫెలిక్స్, అతని వెంటే ఊళ్లూ అడవులూ తిరిగాడు.

కానీ గోట్రెక్ గొడ్డలి ముందు ఏ రాక్షసుడూ నిలవలేదు. కావ్యానికి ముగింపూ దొరకలేదు. ఈలోగా ఆట తయారుచేసేవాళ్లు కథ మార్చి, 2015లో ఆ పాతలోకాన్నే అంతం చేశారు. గోట్రెక్ అప్పుడూ చావలేదు. 2018లో కొత్త లోకంలో గొడ్డలి పట్టుకుని మళ్లీ దిగాడు.

ఈసారి పక్కన ఫెలిక్స్ లేడు. ఇన్నాళ్లూ చావును వెతికినవాడికి, ఇప్పుడు వెతుక్కోవడానికి ఓ స్నేహితుడు కూడా ఉన్నాడు.