బొమ్మలు ఆదివారానికేనా?

"ముందు ఆర్కిటెక్ట్‌గా స్థిరపడు, బొమ్మలు హాబీగా పెట్టుకో. రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతావు." ఆర్కిటెక్చర్ కాలేజీ వార్షికోత్సవాలకు వచ్చిన పెద్దలు మైకు అందుకోగానే ఈమధ్య ఇస్తున్న సలహా ఇది. ముందు వరుసలో ప్రొఫెసర్లు తలలూపుతారు. అయిదేళ్ల బి.ఆర్క్ చదువుతూనే రాత్రిళ్లు కాన్వాసు మీద రంగులు వేసుకునే పిల్లలు తల దించుకుంటారు. ఇంత తప్పుడు మాటను ఇంత ధీమాగా చెప్పడానికి వాళ్లకు నోరెలా వస్తుందో!

చండీగఢ్ గురించి ఇదే పెద్దలు గంటలకొద్దీ పాఠాలు చెబుతారు. ఆ నగరానికి రూపమిచ్చిన లె కార్బుజియే తన రోజును ఎలా గడిపాడో మాత్రం చెప్పరు. పారిస్‌లో ఆయన పొద్దుటి పూటంతా ఇంట్లోనే బొమ్మలు వేసి, మధ్యాహ్నం తర్వాతే ఆఫీసుకు వెళ్లేవాడు. 1934 నుంచి ఆయన కాపురమున్న అపార్ట్‌మెంటులోనే పెయింటింగ్ స్టూడియో ఉంది. దాని పక్కగోడకు పూత పూయనివ్వకుండా, రాళ్లు బయటికి కనబడేలా వదిలేశాడు. ఏళ్ల తరబడి ఆ రాతిగోడ పక్కనే ఈజిల్ వేసుకుని పనిచేశాడు. చండీగఢ్ అసెంబ్లీ పెద్ద తలుపు మీద ఎనామెల్ రంగుల్లో సూర్యుడి గమనాన్ని, చెట్లను, జంతువులను చిత్రించింది ఆ చెయ్యే. హైకోర్టులో వేలాడే టాపెస్ట్రీల డిజైన్లూ ఆయనవే. ఆ పొద్దుటి పూటలను హాబీ అనగలరా? అసలు ఆయనకు ఆర్కిటెక్చర్ డిగ్రీ కూడా లేదు. స్విట్జర్లాండ్‌లోని సొంతూరి కళాపాఠశాలలో మొదట నేర్చింది గడియారాల డొప్పల మీద నగిషీ చెక్కడం.

"ఆయన మహానుభావుడు, మనమెంత?" అన్నది తర్వాతి అస్త్రం. అదే చండీగఢ్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేసిన ఆదిత్య ప్రకాశ్ మాటేమిటి? ఠాగూర్ థియేటర్ డిజైన్ చేశాడు, ఆర్కిటెక్చర్ కాలేజీని నడిపాడు. బొమ్మలు వేశాడు, నాటకాలూ ఆడాడు. ఏ పడవా మునగలేదు. ఆర్కిటెక్ట్ జహా హదీద్ 1983లో హాంకాంగ్ 'పీక్' భవనం డిజైన్ పోటీ గెలిచింది తన పెయింటింగుల బలంతోనే. ఆ భవనం లేవనే లేదు. ఆమెకు పేరు తెచ్చిన వీట్రా ఫైర్ స్టేషన్ పూర్తయింది 1993లో. నడుమ ఆ పదేళ్లూ ఆమె భవనాలను ఎక్కువగా రంగుల్లోనే కట్టింది. ఎదురు దారిలో వచ్చినవాడు సతీష్ గుజ్రాల్. చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నాక, ఆర్కిటెక్చర్ చదవకుండానే ఢిల్లీలో బెల్జియం రాయబార కార్యాలయాన్ని డిజైన్ చేశాడు.

హైదరాబాదులో నిలబడి ఈ సలహా ఇచ్చేవాళ్లు మరీ సిగ్గుపడాలి. చిత్రకారులు లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం చదివిన కాలేజీ పేరులోనే ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్ కలిసి ఉన్నాయి. మాసబ్ ట్యాంక్‌లో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ) పేరులోనూ ఆ రెండూ ఉన్నాయి. ఈ ఊరికి ఈ జోడీ కొత్త కాదు.

అసలు ఈ సలహా ఎవరికి లాభం? ఏదైనా ఆర్కిటెక్ట్ ఆఫీసులో జూనియర్ బల్ల దగ్గరికి వెళ్లి చూస్తే తెలుస్తుంది. టాయిలెట్ డీటెయిల్స్, తలుపులూ కిటికీల షెడ్యూలు, మున్సిపాలిటీ శాంక్షన్ డ్రాయింగులు. పొద్దున తొమ్మిదికి కూర్చున్న పిల్ల రాత్రి తొమ్మిదైనా అదే సెట్‌బ్యాక్‌ను సరిచేస్తుంటుంది. బి.ఆర్క్ ప్రవేశ పరీక్షలో చేతితో బొమ్మ గీయించి మరీ లోపలికి తీసుకున్నారు. లోపలికొచ్చాక ఆ చేతికి మౌసు తప్ప మరేమీ అందనివ్వడం లేదు. వాస్తు సిద్ధాంతి ఫోన్ చేసి మెట్లు దక్షిణానికి జరపమంటే మాత్రం ఆఫీసంతా పరుగులు తీస్తుంది. మూడుసార్లు ప్లాన్ మారుస్తారు, మొదట గీసినదానికే తిరిగి వస్తారు. దానికి దొరికే సమయం వారంలో ఒక్క పూట రంగులు ముట్టుకోవడానికి దొరకదు! రెండు పడవలంటూ, బొమ్మలు వేసేవాళ్లకు నిష్ఠ లేదనడం పచ్చి అబద్ధం. ఈ ఆఫీసులవాళ్లకు కావలసింది చవకగా దొరికే చేతులు. ఆ చేతులకు సొంత ఆలోచన ఉండకూడదు.

చిత్రకళలో డబ్బు లేదంటారు. చాలామందికి రాదు, నిజమే. కొత్తగా చేరిన ఆర్కిటెక్టుకు తామిచ్చే జీతమెంతో తెలిసినవాళ్లు ఈ మాట అనకుండా ఉంటే మంచిది.

చేయగలిగింది ఉంది. ఆఫీసులు వారానికి రెండు పొద్దుటి పూటలు వదిలిపెట్టాలి, జీతం కోయకుండా. మాసబ్ ట్యాంక్‌లో పెయింటింగ్, ఆర్కిటెక్చర్ విద్యార్థులను ఒక సెమిస్టరైనా ఒకే స్టూడియోలో కూర్చోబెట్టి, ఒకే గోడను ఇద్దరికీ అప్పగించాలి. మార్కులు ఎవరు వేయాలి, సిలబస్‌లో ఎక్కడ ఇరికించాలి అన్నవి యూనివర్సిటీవాళ్లు కూర్చుని తేల్చుకోవచ్చు. వచ్చే ఏడాది చేరే బ్యాచ్‌తో మొదలుపెట్టడానికి అడ్డేమీ లేదు.