నాయిన పైసలు, జమేదారు రూపాయి

ఆ చలికాలం ఒక సాయంత్రం మునిర్కాలోని నా గదికి మా నాయిన ఫోన్ చేశాడు. "బిడ్డా, ఢిల్లీ నుంచి ఎవరో సారు మాట్లాడిండు. నా పేరు మీద లక్షా ఎనభై వేల ఇన్సూరెన్సు పైసలున్నయంట. ముందుగాల నాలుగువేల రెండొందలు జీఎస్టీ కట్టాల్నంట. నువ్వు ఆడనే ఉన్నవ్ గదా, పోయి కట్టొస్తవా?"

మా నాయిన పాలమూరు కూలీ. నోయిడాలో అపార్టుమెంట్లు లేస్తున్న రోజుల్లో కొన్నేళ్లు అక్కడ మేస్త్రీ పని చేశాడు. ఆయనకు ఏనాడూ ఇన్సూరెన్సు పాలసీ లేదు. అయినా ఆ మాట నమ్మాడు. చదువుకున్న మనం దాన్ని అత్యాశ అనో అమాయకత్వం అనో తేల్చేస్తాం. కానీ నాయిన నమ్మడానికి వేరే కారణం ఉంది. తన చెమట పైసలు ఎక్కడో ఎవరి దగ్గరో ఉండిపోయాయని ఆయనకు ఎప్పటినుంచో తెలుసు. మోసగాడు చెప్పింది అబద్ధమే, కానీ ఆ అబద్ధం ఆనుకున్నది ఈ నిజం మీదే.

"ఒక్క రూపాయి కట్టొద్దు" అని చెప్పాను. ఆ తర్వాత నిజంగానే ఏమైనా ఉందేమో వెతుకుదామనిపించింది. సైటులో కూలి పైసలు వేయడానికి అప్పట్లో ఒక బ్యాంకు ఖాతా తెరిపించారని నాయిన గుర్తు చేసుకున్నాడు. పాస్‌బుక్ ఎప్పుడో పోయింది. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో మొదలుపెట్టిన ఉద్గమ్ పోర్టల్‌లో నా మొబైల్ నంబరుతో రిజిస్టర్ అయ్యాను. పుట్టిన తేదీతో వెతికితే ఏమీ దొరకలేదు. నాయిన ఆధార్‌లో జనవరి 1 అని ఉంది. మన వాడల్లో పెద్దోళ్లలో ఎంతమంది జనవరి 1న పుట్టినట్టు రాసి ఉంటుందో మీకూ తెలుసు. చివరికి ట్రంకు పెట్టెలో ఉన్న పాత ఓటరు కార్డు నంబరు కొడితే ఖాతా బయటపడింది. అందులో నాయిన పేరు హిందీ ఉచ్చారణలో ఉంది, ఇంటిపేరు లేదు. ఆ పేరూ ఈ పేరూ ఒక్కరివే అని ఒప్పించడానికి మా మండల కేంద్రంలోని అదే బ్యాంకు శాఖకు నాయిన మూడుసార్లు తిరిగాడు. వచ్చింది 6,740 రూపాయలు, పైన కొంత వడ్డీ. దానికోసం ఆయన మూడు రోజుల కూలి పోగొట్టుకున్నాడు.

పదేళ్లు లావాదేవీ లేని ఖాతాల్లోని డబ్బును బ్యాంకులు రిజర్వు బ్యాంకు 2014లో ఏర్పాటు చేసిన డిపాజిటర్ల నిధికి పంపేస్తాయి. 2024 మార్చి ఆఖరుకు ఆ నిధిలో 78,213 కోట్ల రూపాయలున్నాయి. దీన్ని 'అన్‌క్లెయిమ్డ్' అంటారు, అంటే ఎవరూ అడగని సొమ్ము అని. ఆ మాటతో తప్పంతా అడగని వాడి మీదకు పోతుంది. అడగాలంటే ముందు ఉందని తెలియాలి. కాగితం ఉండాలి, పేరు సరిగ్గా రాసి ఉండాలి, కౌంటర్ దగ్గర గౌరవంగా మాట్లాడే మనిషి ఉండాలి. వీటిలో ఏది మనవాళ్లకు దొరికింది?

ఈ ఢిల్లీలోనే 1982 ఏషియాడ్ కోసం స్టేడియాలు కట్టిన కూలీల కథ గుర్తుచేసుకోవాలి. వారికి రావాల్సిన కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. అందులో రూపాయి జమేదారు కమీషన్‌గా కోసుకునేవాడు. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ ఈ విషయాన్ని సుప్రీంకోర్టు ముందుంచింది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని కోర్టు తేల్చింది. బాబాసాహెబ్ రాజ్యాంగం ఆ రూపాయిని వెట్టి అని గుర్తుపట్టింది. మరి కూలీ పేరు మీదే వసూలు చేసి, కూలీకి చేరకుండా నిలిచిపోయిన కోట్లను ఏమనాలి?

నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం 1996 చట్టాల కింద భవనాల నిర్మాణ వ్యయం మీద సెస్సు వసూలు చేస్తూ వచ్చారు. 37,400 కోట్లకు పైగా వసూలైతే ఖర్చయింది సుమారు 9,500 కోట్లేనని 2018 మార్చి తీర్పులో సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. 2024 చలికాలంలో కాలుష్యం వల్ల ఢిల్లీలో నిర్మాణాలు ఆపేశారు. ఒక్కో కార్మికుడికి 8,000 ఇవ్వాల్సి ఉండగా మొదట 2,000 మాత్రమే వేశారు. ఆ లెక్కలోకి వచ్చింది 90,693 మంది. ఇంత పెద్ద నగరంలో కార్మికులు ఇంతేనా అని కోర్టే అడిగింది. రిజిస్టరులో పేరు లేని కూలీకి ఆ 2,000 కూడా లేవు.

రాజ్యం వదిలేసిన ఈ ఖాళీలోకే కొత్త జమేదార్లు వస్తున్నారు. ఢిల్లీ, నోయిడా, ఘజియాబాద్‌లలో నకిలీ కాల్ సెంటర్లను పోలీసులు పట్టుకున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆగిపోయిన పాలసీ బోనస్, పీఎఫ్ బాకీ, పాత డిపాజిట్ అంటూ ఫోన్ చేస్తారు. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: డబ్బు ఇవ్వడానికి ముందు డబ్బు కట్టమంటే అది మోసం. ఉద్గమ్‌లో వెతకడం ఉచితం. అది ఖాతా ఎక్కడుందో చూపిస్తుంది, డబ్బు ఇచ్చేది మాత్రం బ్యాంకు శాఖే. ఆ నిధికి వెళ్లిన డిపాజిట్‌ను ఎప్పుడైనా అడగొచ్చు, గడువు లేదు. ఓటీపీ అడిగినవాడికి, ఫోన్‌లో ఏదో యాప్ వేసుకోమన్నవాడికి జవాబివ్వకండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

'మీ సొమ్ము, మీ హక్కు' అంటూ కేంద్రం 2025 అక్టోబరులో ఒక ప్రచారం మొదలుపెట్టింది. మంచిదే. కానీ హక్కు అన్నాక వెతికే బాధ్యత హక్కుదారుడి మీద వేయడం ఏం న్యాయం? కరెంటు బిల్లు మూడొందలు బాకీ పడితే మన గుడిసె వెతుక్కుంటూ వచ్చే వ్యవస్థ, ఇవ్వాల్సి వచ్చినప్పుడు మన చిరునామా దొరకదంటోంది. పాత ఖాతాల జాబితాలను సొంతూరి పంచాయతీలో చదివి వినిపించాలి. పేరులో అక్షరం తేడా ఉంటే స్థానిక ధ్రువీకరణతో ఒప్పుకోవాలి. కూలీ పోగొట్టుకున్న రోజుకు లెక్క కట్టాలి.

అది జరిగేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. ఈ నగరంలో చదువుతున్న మన విద్యార్థి సంఘాలు ఏప్రిల్ 14న సభలు పెడతాయి. ఈసారి సభతో పాటు ఉదయం ఏడింటికి ఏదైనా లేబర్ చౌక్‌లో ఒక బల్ల, ఒక ల్యాప్‌టాప్ పెడదాం. ఖాతాలు వెతికిపెడదాం. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లకు సంక్షేమ బోర్డులో నమోదు చేయిద్దాం. వైస్రాయ్ మండలిలో 1942 నుంచి 1946 దాకా కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్‌కు దండ వేయడం కంటే అది పెద్ద నివాళి.

డబ్బు చేతికి వచ్చిన రోజు నాయిన అడిగాడు: "నాతోని పనిచేసిన నలభై మందికి గూడ గా ఖాతాలే తెరిచిండ్రు బిడ్డా. వాళ్లకెవరు చెప్తరు?"

ఆ నలభై మంది పేర్లు ఇప్పుడు నాయిన ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటున్నాడు. నేను రాసుకుంటున్నాను.